ఇంగ్లీషులో ‘డ్వెల్’ (dwell) అంటే నివసించడం ఒక్కటేనా?

కాదు. అపార్ట్‌మెంట్ ప్లాన్ కాగితాల్లో ‘డ్వెల్లింగ్ యూనిట్’ అని చూసి మనం ఇల్లు అనే అర్థం దగ్గరే ఆగిపోతాం. కానీ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో నిలబడి చూడండి. రైలు ఆగి, తలుపులు తెరుచుకుని, జనం ఎక్కి దిగేంతవరకు పట్టే ఆ కొద్ది సెకన్లను రైల్వే వాళ్లు ‘డ్వెల్ టైమ్’ అంటారు. అక్కడ అర్థం ఆగి ఉండడం. నిజానికి నివాసం కంటే పాత అర్థం ఇదే.

ఇంకా వెనక్కి వెళ్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘డ్వెల్లన్’ అంటే దారి తప్పించడం, మోసగించడం, అడ్డుపడి ఆలస్యం చేయడం. స్కాండినేవియా నుంచి ఇంగ్లండ్‌కు వచ్చినవాళ్ల నార్స్ భాషలో దీని తోబుట్టువు ‘డ్వెల్యా’కి ఆలస్యం చేయడం, ఆగడం అని అర్థం. ఆ ప్రభావంతో మోసం అర్థం వెనకబడి ‘ఆగిపోవడం’ మిగిలింది. ఆగినచోటే కాపురం పెట్టడం అన్న అర్థం మధ్యయుగాల్లో స్థిరపడింది.

మనకిది కొత్తేం కాదు. ‘కాస్త ఉండండి, వస్తున్నా’, ‘మేం కూకట్‌పల్లిలో ఉంటాం’ రెండింట్లోనూ ఒకటే క్రియ. నాకు బాగా నచ్చే పోలిక ఇది!

మాటల్లో మాత్రం ఇంటి గురించి ‘లివ్’ అనండి. డ్వెల్ గ్రాంథికంగా ఉంటుంది. ‘డ్వెల్ ఆన్’ అయితే రోజూ వాడేదే: జరిగిపోయిన దాన్నే పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోవడం.