ఎస్‌బీఐఆర్ డబ్బు వాటా ఇవ్వకుండానే వస్తుందా?

ఇద్దరే నడిపే మీ సెన్సార్ల కంపెనీకి చిన్న కంపెనీల పరిశోధనకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఎస్‌బీఐఆర్ నిధులు వాటా ఇవ్వకుండానే వస్తాయా, దరఖాస్తు కన్సల్టెంట్‌తో రాయించాలా అని అడిగారు. వాటా సంగతి నిజమే. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు, కంపెనీలో భాగమూ అడగరు. అలాగని ఊరికే వచ్చే డబ్బు అనుకుంటే నాలాగే దెబ్బ తింటారు.

మాది కాంక్రీటులో పాతిపెట్టే తేమ సెన్సార్. కాంక్రీటు లోపల పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారానికి మా సెన్సార్ పైపూత నాలుగు నెలలకే ఊడిపోయి, రీడింగులు ఎటో వెళ్లిపోయేవి. మొదటి దరఖాస్తులో ఆ ఊసే ఎత్తలేదు. యాప్ ఎంత బాగుంటుందో, మార్కెట్ ఎంత పెద్దదో పేజీలకు పేజీలు రాశాం. సమీక్షకులు అడిగింది ఒకటే: ఇందులో పరిశోధన ఏది? రెండు రోజులు ఒళ్లు మండింది. తర్వాత మళ్లీ చదివితే వాళ్ల మాటే నిజమనిపించింది.

రెండోసారి దరఖాస్తును పూత ఊడిన సెన్సార్ ఫొటోతోనే మొదలుపెట్టాం. పరీక్షించబోయే మూడు పూతలు, రీడింగు ఎంత తప్పితే ఒక్కోటి ఫెయిలైనట్టో టేబుల్ వేశాం. ఫేజ్ 1, అంటే మొదటి విడత నిధులు, వచ్చాయి. తేలని సాంకేతిక అనుమానం మీదే వాళ్లు డబ్బు పెడతారు. తయారైన సరుకును అమ్ముకోవడం మీ పని.

కన్సల్టెంటా? మొదటిసారి పెట్టుకున్నాం. చక్కగా, నున్నగా రాశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. బడ్జెట్, అకౌంటింగ్ సాయానికైతే ఖర్చు పెట్టండి, సాంకేతిక భాగం మాత్రం మీరే రాయండి.

అర్హత ముందే చూసుకోండి. ఉద్యోగులు 500 మంది మించకూడదు. సగానికి పైగా వాటా అమెరికా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. ప్రాజెక్టు నడిపే ముఖ్య పరిశోధకుడి ప్రధాన ఉద్యోగం మీ కంపెనీలోనే ఉండాలి. వేరేచోట ఫుల్‌టైమ్ చేస్తూ సాయంత్రాలు చూసుకుంటానంటే కుదరదు. ఆ మనిషి యూనివర్సిటీలోనే ఉండాలంటే ఎస్‌టీటీఆర్ చూడండి, కంపెనీ ఒక పరిశోధన సంస్థతో కలిసి చేసే జోడు పథకం అది. అందులో పనిలో కనీసం 40 శాతం మీరు, 30 శాతం ఆ సంస్థ చేయాలి.

ఈ నిధులు ఒక్కో ప్రభుత్వ ఏజెన్సీ విడిగా ఇస్తుంది. సొంత ఆలోచన ఉంటే, పరిశోధనలకు డబ్బిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌తో మొదలుపెట్టడం మేలు. ముందు ఆలోచనను క్లుప్తంగా చెప్పే ప్రాజెక్ట్ పిచ్ పంపాలి, రమ్మంటేనే పూర్తి దరఖాస్తు. రక్షణ శాఖ ఎక్కువగా తనకు కావలసిన అంశాలు తానే ప్రకటిస్తుంది.

అసలు టెన్షన్ శామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్. ప్రభుత్వ నిధులు కావాలంటే కంపెనీ పేరు నమోదు చేసుకోవలసిన సైట్ అది. ఒక కాగితంలో మా చిరునామాలో సూట్ (ఆఫీసు గది) నంబరు ఉంది, ఇంకోదాంట్లో లేదు. దానికే మూడు వారాలు పోయాయి. గడువు దగ్గర పడేదాకా ఆగకండి. అది ఉచితం కూడా, మేం చేసిపెడతాం డబ్బు కట్టండి అని వచ్చే మెయిళ్లను పట్టించుకోకండి.

ఇంకొకటి. 1982లో మొదలైన ఈ పథకాన్ని అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగించాలి. 2025 సెప్టెంబరు 30న గడువు తీరిపోయి కొత్త ప్రకటనలు ఆగాయి. కాబట్టి రాయడానికి కూర్చునే ముందు, మీ ఏజెన్సీ దరఖాస్తులు తీసుకుంటోందో లేదో చూసుకోండి.