ఎయిర్ అంబులెన్స్ పేజీ చూసుకోబోతున్న శైలజకు

బెంగళూరు

చిరంజీవి శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎయిర్ అంబులెన్స్ సంస్థలో సోషల్ మీడియా పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. ఆ విమానాల్లో ఏళ్ల తరబడి నర్సుగా తిరిగినదాన్ని కనుక ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. రోగి ముఖాన్ని మసకబరిస్తే చాలనుకోవద్దు.

ఒకసారి కడప నుంచి ఒక పెద్దాయనను ఇక్కడి హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి తీసుకువచ్చాం. స్ట్రెచర్ దింపుతుండగా మావాళ్లు తీసి పేజీలో పెట్టిన ఫొటోలో ఆయన ముఖం లేదు. దుప్పటి బయటికి జారిన ముంజేయి, దాని మీద భార్య పేరుతో పొడిపించుకున్న పచ్చబొట్టు మాత్రం ఉన్నాయి. పరీక్షలు రాస్తున్న కూతురికి ఇంట్లోవాళ్లు అప్పటికింకా ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల ఫోన్‌లో తండ్రి చేతిని గుర్తుపట్టి, రాత్రి బస్సెక్కి వచ్చి, "మా నాన్న సంగతి నాకంటే ముందు ఊరికి ఎందుకు చెప్పారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుచేత తాయెత్తు, ఉంగరం, మానిటర్ మీద పేరు, కేస్‌షీట్ అంచు, అన్నీ చూడు. విమానం మీద 'వీటీ' (VT) అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు కనిపించి, సమయం కూడా తెలిస్తే, ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లలో అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకవచ్చు. చిన్న ఊరైతే రోగి ఎవరో తేలడానికి అంతే చాలు. అందువల్ల ఏ ఫొటో కూడా అదే రోజు పెట్టవద్దు. స్ట్రెచర్ పక్కన నిలబడ్డ కుటుంబం ఆ క్షణంలో దేనికైనా తలూపుతుంది, దాన్ని అనుమతిగా తీసుకోకు. రోగి కోలుకున్నాక, కాగితం మీద అడుగు.

మరి ఏం రాయాలంటావా? జనానికి పనికొచ్చేది రాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది, క్యాబిన్‌లో పీడనం ఉంచినా లోపలి గాలి సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేంత పలుచన కావచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికి ఎగరకముందే ఛాతీలో ట్యూబు వేసి ఆ గాలిని బయటికి తీసేది అందుకే. ఇలాంటివి తెలిస్తే, ఆలస్యం ఎందుకని కంగారుపడే బంధువులకు కాస్త ఊరట దొరుకుతుంది.

బిల్లు గురించి ఎవరైనా కోపంగా కామెంట్ పెడితే వాదించకు, వారు మన రోగి అని కూడా ఒప్పుకోకు. ఫోన్ నంబరు ఇచ్చి, మాట్లాడే మనిషిని చూపించు. ప్రమాదం జరిగితే కారణాల గురించి ఒక్క మాట కూడా రాయవద్దు, అది దర్యాప్తు సంస్థ పని.

మొదటి నెల పోస్టులు పెట్టేముందు నాకు వాట్సాప్‌లో పంపు. ముందు చేతులు చూస్తాను.

మీ పెద్దమ్మ