వెలుగు దగ్గర పిసినారితనం వద్దు అమ్మలూ

అమ్మలూ,

మహేంద్రగిరి ఫోటోలు చూశాను. శివరాత్రి నాడు కొండ మీద, ఆ చలిలో, అంత జనంలో స్టాండు నిలబెట్టి తీశావంటే నాకెంత సంతోషమేసిందో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. భీముడి గుడిని ఓ పక్కకి జరిపి ఆకాశానికి చోటిచ్చావు చూడు, ఆ చూపు ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కానీ ఫోటో పెద్దది చేసి చూస్తే ఆకాశమంతా బొంబాయి రవ్వ చల్లినట్టుంది. గుడి రాళ్ల మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు, కొండ అంచు వెంబడి తెల్లటి గీత. ‘కెమెరా పాతదైపోయింది మావయ్యా, కొత్తది కొనేస్తాను’ అన్నావు. కొనకు. నీ కెమెరాలో లోపమేమీ లేదు, ఆ డబ్బులు దాచుకో, రేపు మంచి లెన్సుకి పనికొస్తాయి.

వివరాలు చూశాను: లెన్సు 18 ఎంఎం, దాని తెరుపు ఎఫ్ 3.5, టైము 15 సెకన్లు, ఐఎస్‌ఓ (పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400. చివరిదే నిన్ను ముంచింది. ఐఎస్‌ఓ పెంచితే నాయిస్, అంటే ఆ రవ్వ, వస్తుందని ఎవరో నీకు భయం పెట్టారు, అందరూ చెప్పేదీ అదే. కానీ నాయిస్ పుట్టేది వెలుగు చాలకపోవడం వల్ల. వెలుగు చినుకుల్లా పడుతుంది. వాకిట్లో రెండు గిన్నెలు పెట్టావనుకో, నాలుగు చినుకులు రాలి ఆగిపోతే ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో ఒకటి పడొచ్చు. గంటసేపు కురిస్తే రెండింట్లోనూ నీళ్లు ఇంచుమించు సమానంగా ఉంటాయి. కెమెరా లోపల వెలుగు పట్టే సెన్సార్ మీద పక్కపక్కనే ఉన్న పిక్సెళ్ల సంగతీ అంతే, ఆ హెచ్చుతగ్గులే నీకు రవ్వలా కనబడుతున్నాయి. ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఎక్స్‌పోజర్ 3 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పెంచావు, దాంతో చీకట్లో అణిగి ఉన్న నాయిస్ అంతా పైకొచ్చింది. 400 నుంచి 3200 కూడా సరిగ్గా 3 స్టాపులే. కొండ మీదే 3200 పెట్టి ఉంటే పడే వెలుగు అంతే ఉండేది గానీ, చాలా కెమెరాల్లో లోపలి ఎలక్ట్రానిక్స్ కలిపే నాయిస్ తగ్గేది, పైగా అక్కడికక్కడే స్క్రీన్ మీద చూసుకుని సరిచేసుకునేదానివి.

ఈ పొరపాటు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫిల్ము వదిలి డిజిటల్‌కి మారిన కొత్తలో బరంపురం ఠాకురాణి యాత్రకి వెళ్లి, రాత్రంతా ఐఎస్‌ఓ 200 దాటకుండా తీసి, పర్లాకిమిడి వచ్చి అన్నీ కంప్యూటర్లో తెల్లబరిచాను. చిన్న సైజు ప్రింట్లు బాగానే వచ్చాయి. 12 బై 18 అంగుళాలది అడిగిన కుటుంబానికి వేసిచ్చిన ప్రింటులో నల్లటి జుట్టంతా ఊదా మరకలు. ఆ ఇంటి పెద్దావిడ ఏమీ అనలేదు, ప్రింటు తీసుకుని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఆ యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది, మర్నాడు వెళ్లి మళ్లీ తీసుకొద్దామంటే కుదరదు కదా.

కాబట్టి ముందు టైమివ్వు, తర్వాత లెన్సు బాగా తెరువు, ఆ రెండూ ఇక సాగవన్నప్పుడు ఐఎస్‌ఓ ఎంత కావాలంటే అంత పెంచు. ఆకాశంలో చుక్కలుంటే టైముకి హద్దుంది, భూమి తిరుగుతుంది కనక చుక్కలు గీతలవుతాయి. 500ని లెన్సు ఎంఎంతో భాగిస్తే వచ్చే సెకన్లు ఆ హద్దు అని పాత లెక్క. నీ కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి 18ని 1.5తో గుణించి 27 అనుకో, 18 సెకన్లు వస్తుంది. ఇప్పటి సెన్సార్లకి అది కూడా ఎక్కువే, 10-12 దగ్గర ఆగి, చుక్కని పెద్దది చేసి చూసుకో. చుక్కలు లేని ఫోటోకి, గుడి ఒక్కటే అయితే, ఐఎస్‌ఓ తగ్గించి నిమిషం తెరిచి ఉంచినా పరవాలేదు. ఇంకోటి, చీకట్లో కెమెరా స్క్రీన్ దీపంలా వెలిగి, నల్లటి ఫోటోని కూడా బాగుందనిపిస్తుంది. దాన్ని నమ్మకు, హిస్టోగ్రామ్ చూడు, అంటే ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు. కొండ, చెట్లు అన్నీ ఎడమ గోడకి అతుక్కుపోయాయంటే ఇంకా వెలుగు కావాలి. బల్బు నడిమధ్య తెల్లగా పేలిపోతే పోనీ, దాని చుట్టూ ఉన్న గోడ రంగు మిగిలితే చాలు.

రా ఫైల్‌లోనే తియ్యి, అంటే సెన్సార్ పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచే ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ల రాలో 16,384. నీ రెండో ఫోటోలో కొండ మీద ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది చూడు, అది జేపెగ్‌ని సాగదీసినందుకే.

కదలని గుడి లాంటిదైతే ఇంకో మంచి పద్ధతుంది. కెమెరా కదపకుండా ఒకే సెట్టింగులో 16 ఫోటోలు తీసి కంప్యూటర్లో సగటు కట్టించు, నాయిస్ నాలుగో వంతుకి దిగుతుంది. నాలుగు తీస్తే సగం. సగటుకి బదులు మీడియన్ (వరసలో నడిమి విలువ) అని పెడితే మధ్యలో అటూ ఇటూ నడిచిన జనం కూడా చాలావరకు మాయమవుతారు. చుక్కలు జరుగుతాయి కాబట్టి ఆకాశాన్ని విడిగా, నేలని విడిగా కలపాలి, కాస్త ఓపిక కావాలి, నీకుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, అది 30 సెకన్ల ఫోటో తర్వాత షట్టర్ మూసి ఇంకో 30 సెకన్లు చీకటిని ఫోటో తీసి, అందులో కనబడ్డ నాయిస్‌ని మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. వేసవి రాత్రి సెన్సార్ వేడెక్కి వచ్చే మెరుపు చుక్కలకి బాగా పనిచేస్తుంది గానీ, వరసగా 16 తీసేటప్పుడు ఆపెయ్యి.

దీపాల ఫోటోలో పచ్చటి బొట్టు ఒకటి గాల్లో వేలాడుతోంది కదా, అది లెన్సు ముందున్న యూవీ ఫిల్టర్ చేసిన పని. రాత్రి ఫిల్టర్ తీసెయ్యి.

జాతర సీరియల్ లైట్ల కింద నల్లటి అడ్డచారలు వస్తే షట్టర్ సెకనులో 50వ వంతో, 100వ వంతో పెట్టి చూడు. మన కరెంటు 50 సైకిళ్లది, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతాయి. 500వ వంతుతో తీస్తే ఆ తగ్గడం పెరగడం చారలుగా పడుతుంది.

ఇక ఎడిటింగు. నాయిస్‌లో రెండు రకాలు, రంగు చుక్కలొకటి, నలుపు తెలుపు రవ్వ ఇంకోటి. రంగు చుక్కల్ని నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి. రవ్వని మాత్రం సగమే తగ్గించు, పూర్తిగా నున్న చేశావంటే రాతి గుడి కాస్తా మైనపు బొమ్మ అవుతుంది. మనం ఫిల్ములో రవ్వ చూస్తూ పెరిగినవాళ్లం, అదేమీ కంటికి ముల్లు కాదు. షార్ప్‌నెస్ పెంచేటప్పుడు మాస్క్ వేసి రాళ్ల అంచుల మీదే పడనివ్వు, ఆకాశం మీద పడితే తగ్గించిన రవ్వే మళ్లీ గట్టిపడుతుంది. కొండ అంచున నీకొచ్చిన తెల్ల గీత ఎడిటింగులో క్లారిటీ, డీహేజ్ అనే స్లైడర్లు చివరిదాకా లాగినందుకు వచ్చింది. శాచురేషన్, అంటే రంగుల గాఢత, కూడా తగ్గించు. అసలు నీడల్ని అంతగా లేపాల్సిన పనేముంది? అది రాత్రి అమ్మా, గుడి వెనక చీకటి చీకటిగానే ఉండనీ, అక్కడ నలుపుంటేనే దీపానికి వెలుగొస్తుంది. పని అయ్యేదాకా 16 బిట్లలోనే ఉంచి, చివర్లో ఒక్కసారే జేపెగ్ చెయ్యి.

ఈ రాత్రే డాబా ఎక్కి ఎదురింటి వేపచెట్టుని రెండుసార్లు తియ్యి. టైమూ, ఎఫ్ నంబరూ మార్చకుండా ఒకటి 400లో, ఒకటి 3200లో. మొదటిదాన్ని కంప్యూటర్లో 3 స్టాపులు పెంచి, రెండూ పక్కపక్కన పెట్టి ఆకుల మధ్య నీడలు చూడు. వాట్సాప్‌లో ఫోటోలా పంపితే అది నొక్కేసి గళ్లు గళ్లుగా చేస్తుంది, నేనేమీ చెప్పలేను. డాక్యుమెంట్‌గా పంపు, లేదంటే ఉగాదికి వచ్చేటప్పుడు కార్డే పట్టుకురా, భీముడి గుడి అసలు ఫైల్ కూడా ఉంచు, ఇద్దరం కూర్చుని మొదటినుంచి చేద్దాం.

మీ మావయ్య