ముందు రాయి దగ్గరికి వెళ్లు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎం.ఏ. పూర్తయిందనీ, పరిశోధనకి తొలి తెలుగు శాసనాలు తీసుకున్నావనీ తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని అడిగావు. పుస్తకం తర్వాత, ముందు కలమళ్ల బస్సెక్కు.

కడప జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గరి ఊరది. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోని రాతి మీద రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం, సుమారు 575 నాటిది. అందులో ‘రేనాణ్డు ఏళన్’ అని ఉంటుంది, రేనాడు అనే ఆ సీమని ఏలుతుండగా అని. ఈ మాటలో మనం ఈనాడు పలకని ఆ ణకారాన్ని అచ్చులో చూడటం వేరు, రాతి మీద చూడటం వేరు.

నా మొదటి వ్యాసంలో తప్పు చేశాను, చెబుతాను విను. ఒక దానశాసనాన్ని అచ్చుప్రతిలోంచే తీసుకున్నాను. అందులో ‘పాలు’ అని ఉంటే, భూమిలో వాటాల గురించి రెండు పేజీలు రాశాను. మూడేళ్లకి ఆ ఊరు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ఏమీ తెలియలేదు. పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడ్డాక గీతల్లో నీడలు నిలిచాయి. నేను దీర్ఘం అనుకున్నది ఉలి గీత కాదు, పెచ్చు లేచిన చోటు. ఉన్నది ‘పలు’. నా రెండు పేజీలూ పోయాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నకలు తీయడం కూడా నేర్చుకో. అనుమతి లేకుండా మాత్రం రాయి ముట్టుకోవద్దు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కాగితం గీతల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

సంస్కృతం, ప్రాకృతం ఎలాగూ తప్పవు. పాత కన్నడం అక్కర్లేదనుకుంటావేమో, అలా అనుకోకు. కరీంనగర్ వైపు కుర్క్యాల గుట్ట మీద, కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన ఒక్క శాసనంలోనే సంస్కృతం, కన్నడం, తెలుగు కందపద్యాలు కలిసున్నాయి. కన్నడం రాకపోతే అక్కడ సగంలో ఆగిపోతావు.

శాసనపాఠం రాసేటప్పుడు అక్షరం చెరిగిన చోట చుక్కలు పెట్టు. అర్థం కుదురుతోంది కదా అని పూరించెయ్యకు. నీ పాఠాన్ని నమ్మి రేపు ఇంకొకరు వ్యాసం రాస్తారు.

కలమళ్ల వెళ్లేటప్పుడు టార్చిలైటు పట్టుకెళ్లు, పక్కనుంచి వెయ్యి. నీకు కనిపించినంత వరకే చేత్తో రాసి నాకు పంపు, చుక్కలతో సహా.