ఫారం మీద సంతకం నాది, దెబ్బ తగిలింది స్నేహితుల బాబుకి

ప్రశ్న: మా అబ్బాయి పదో పుట్టినరోజుకి హైదరాబాద్ శివార్లలోని ఒక గేమింగ్ పార్కులో ‘లో ఇంపాక్ట్ పెయింట్‌బాల్’ (గన్నులతో రంగు బాల్స్ కొట్టుకునే ఆట, దెబ్బ తక్కువ తగిలే రకం అంటారు) పార్టీ ఇచ్చాం. పన్నెండు మంది పిల్లలకి 14,400 రూపాయలు కట్టాను. అందరి తరఫునా, దెబ్బలు తగిలితే పార్కుకి బాధ్యత లేదనే ఫారం మీద నాచేతే సంతకం పెట్టించారు. ఆట మధ్యలో మాస్కు అద్దం మసకబారిందని ఒక బాబు దాన్ని నుదుటి మీదికి ఎత్తుకున్నాడు. అదే క్షణంలో బాల్ కంటికి తగిలింది. లోపల రక్తం చేరింది, చూపు ఇంకా పూర్తిగా రాలేదు. ‘సంతకం పెట్టారు కదా, మాకు సంబంధం లేదు’ అంటున్నారు పార్కువాళ్లు. కేసు నా మీదికి వస్తుందా? ఆ తల్లిదండ్రుల మొహం చూడలేకపోతున్నాను.

జవాబు: ముందు ఆ సంతకం టెన్షన్ వదిలేయండి. ఆ బాబుకి మీరు తల్లి కాదు, గార్డియన్ కాదు. వాడి హక్కులు వదులుకుంటున్నామని మీరు రాసిచ్చినా అది వాడికి వర్తించదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనర్ తనంతట తాను ఒప్పందం చేసుకోలేడు. ఆటలో మామూలుగా తగిలే దెబ్బలకి ఒప్పుకున్నట్టు మాత్రమే ఆ ఫారాన్ని చూడాలి. పార్కు సిబ్బంది నిర్లక్ష్యానికి అది అడ్డుగోడ కాదు.

మామూలు దెబ్బ అంటే ఏమిటి? పెద్దల పెయింట్‌బాల్ 0.68 అంగుళాల సైజు, దాదాపు మూడు గ్రాముల బరువు. పిల్లలకి సాధారణంగా ఇచ్చేది 0.50 అంగుళాలది, ఒక గ్రాము పైచిలుకు. తొడకో వీపుకో తగిలితే చురుక్కుమంటుంది, కాస్త కమిలి తగ్గిపోతుంది. కంటి విషయంలో ఆ ‘లో ఇంపాక్ట్’ మాట నమ్మడానికి లేదు. పెద్ద బంతి వస్తే కంటి చుట్టూ ఉన్న ఎముక చాలావరకు ఆపుతుంది, ఇంత చిన్న బాల్ నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. ఆట మొత్తంలో రాజీ పడకూడనిది మాస్కు ఒక్కటే. ఎవరి మాస్కయినా పైకి లేస్తే మార్షల్ (మైదానంలో ఆటను చూసుకునే సిబ్బంది) వెంటనే విజిల్ వేసి గన్నులన్నీ ఆపించాలి. మసకబారిందంటే మాస్కు తీయకుండానే పిల్లాడిని బయటికి తీసుకెళ్లాలి. పదేళ్లవాడికి కళ్లు కనపడకపోతే మాస్కు ఎత్తుకుంటాడని వాళ్లకి తెలియదా? అందుకే కదా మార్షల్‌ని పెట్టేది! మీ కేసు బలమంతా ఇక్కడే ఉంది: ఆ సమయంలో మైదానంలో ఎంతమంది సిబ్బంది ఉన్నారు, మాస్కులు ఏ స్థితిలో ఉన్నాయి, ఆట మొదలయ్యే ముందు పిల్లలకి ఏం చెప్పారు.

బాల్ కొట్టిన పిల్లాడిని ఎవరూ ఏమీ అనకండి. వాడు ఆడమన్న ఆటే ఆడాడు.

పార్కు చేసింది సేవాలోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. డబ్బు మీరు కట్టినా, సేవ పొందిన పిల్లాడూ వినియోగదారుడే. కాబట్టి తండ్రి ద్వారా బాబు, పక్కన మీరు, కలిసి ఫిర్యాదు వేయండి. కమిషన్ పరిధి, ఫీజు మీరు కట్టిన సొమ్మును బట్టి ఉంటాయి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ ఫిర్యాదు వేయవచ్చు. ఒక జాగ్రత్త: ఫారం ‘అన్యాయపు ఒప్పందం’ అనే వాదనను ప్రధానంగా పెడితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వెళ్తుంది. సేవాలోపం మీదే నిలబడండి.

పోలీసు ఫిర్యాదు వేరే దారి, రెండూ కలిసి నడవవచ్చు. నిర్లక్ష్యంతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 వర్తిస్తుంది. ఒక కంటి చూపు శాశ్వతంగా పోతే అది తీవ్ర గాయం, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

అన్నిటికన్నా ముందు సీసీటీవీ ఫుటేజీ చెరపవద్దని పార్కుకి ఈ రోజే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతే ఇక దొరకదు. ‘ఎనిమిదేళ్ల పిల్లలకీ సేఫ్’ లాంటి వాట్సాప్ మెసేజులేవైనా వచ్చి ఉంటే తీసేయకండి, ఆ ఫోనూ మార్చకండి. బిల్లు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోవడం కూడా చట్టరీత్యా తప్పే.

మీరు ఆ సమయంలో ఎక్కడున్నారు, ఫోటో కోసం ఎవరినైనా మాస్కు తీయమన్నారా అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు. జరిగింది జరిగినట్టే చెప్పండి. పార్టీ ఇచ్చినంత మాత్రాన బాధ్యత మీ మీద పడదు. ఆ తల్లిదండ్రులకి ఇప్పుడు మీకన్నా ముఖ్యమైన సాక్షి లేరు. బిల్లు, ఫారం కాపీ పట్టుకుని ఈ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లండి.