గోటితో గీరి చూశారా?

ప్రశ్న: మాది విశాఖలో సీతమ్మధార. నాకు 52 ఏళ్లు. మిద్దె మీద నలభై కుండీల్లో మొక్కలు పెంచుతున్నాను. వాటి దగ్గర ఉన్న ఓపిక మా వాడి దగ్గర ఉండటం లేదు. ఈఏపీసెట్‌లో ఈసారి కూడా మంచి ర్యాంకు రాలేదు. సాయంత్రం నానమ్మకు మందులు తేవడానికి తప్ప గది దాటడు. గంటకోసారి తలుపు తీసి చూస్తాను, ఏదో ఒకటి అనేస్తాను, తర్వాత బాధపడతాను. వాడు నాతో మాట్లాడి మూడు వారాలైంది. ఏం చేయమంటారు?

జవాబు: నానమ్మకు మందులు తేవడానికి తప్ప గది దాటడు అన్నారు. దాన్ని కూడా మీరు ఫిర్యాదులోనే కలిపేశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో పచ్చగా కనబడింది అదొక్కటే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మన ఊళ్లో చెట్లు ఎలా అయిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. మా పెరట్లో జామచెట్టు ఒక్క ఆకు లేకుండా మోడై నిలబడితే కొట్టించేద్దామన్నాను. మా అమ్మ కొమ్మ మీద గోటితో కాస్త గీరింది. బెరడు కింద పచ్చగా ఉంది. ‘ఉంచు’ అంది. నెల తిరక్కుండానే చిగురేసింది. మీరూ ఏ మొక్కనైనా గీరి చూడకుండా పీకెయ్యరు. మీ అబ్బాయి విషయంలో చూడకుండానే తేల్చేసుకున్నారేమోనని నా భయం. రోజంతా ఎవరితోనూ మాట్లాడాలని లేకపోయినా, వేళకు ముసలావిడ మందులు గుర్తుపెట్టుకుంటున్నాడు ఆ పిల్లవాడు.

ఇక తలుపు సంగతి. మొక్క వాడిందని కుండీలో పదేపదే నీళ్లు పోస్తే మట్టిలో గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది, ఆకు ఇంకా వాడుతుంది. అది చూసి నీళ్లు చాల్లేదనుకుని మళ్లీ పోస్తాం. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. మీరు అన్నకొద్దీ వాడు ముడుచుకుంటున్నాడు, వాడు ముడుచుకున్నకొద్దీ మీ టెన్షన్ పెరిగి ఇంకో మాట అంటున్నారు. డిసెంబర్‌లో మల్లెకు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేశాక మార్చిలో మొగ్గ కనబడేదాకా ఊరుకుంటారు కదా. అన్నాళ్లూ పూయలేదేమని దాన్ని అడగరు.

ముందు క్షమాపణ చెప్పండి. ‘కోపంలో అన్నానురా, తప్పు నాదే.’ అంతే. ‘నువ్వు కూడా...’ అని తోక తగిలించారో, మళ్లీ మొదటికొస్తుంది. ఒక నెలపాటు చదువు మాట మీ నోటి నుంచి రాకూడదు. కౌన్సెలింగ్ తేదీలు ఆగవు కాబట్టి వాళ్ల అమ్మ చేత కాగితం మీద రాయించి ఇప్పించండి.

అలాగని వదిలేయమనడం లేదు. పాదుకు పందిరి ఉండాలి. రాత్రి భోజనం అందరూ కలిసి చేయాలి, పడుకునేటప్పుడు ఫోన్ గది బయట ఉండాలి, మీది కూడా. ప్రస్తుతానికి ఈ రెండు చాలు. మిద్దె మీదికి పిలిచి మొక్కలు చూపిస్తూ పాఠం మాత్రం చెప్పకండి. అవి నేర్పింది మీకు.

ఒక్క విషయంలో ఓపిక పట్టొద్దు. తిండి, నిద్ర బాగా తగ్గిపోయినా, బతకాలని లేదన్న మాట వచ్చినా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇవాళ సాయంత్రం వాడు మందులకు బయల్దేరితే ‘నేనూ వస్తాను’ అనండి. వద్దంటే ఆగిపోండి, ఏమీ అనుకోకండి. సరేనంటే పక్కన నడవండి. దారంతా ఏమీ మాట్లాడకపోయినా, రేపు మళ్లీ చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉండండి.