టీమే నీ కింద మనుషుల్ని వేస్తదట, చేరాల్నా?

ప్రశ్న: నమస్తే అక్కా. నాది హనుమకొండ, నయీంనగర్ల రూమ్ తీసుకొని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న. బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు నన్ను వాట్సాప్‌ల ఒక టీమ్‌ల యాడ్ చేసిండు, రోజూ రాత్రి తొమ్మిదింటికి జూమ్ మీటింగ్. పదిహేను వేల హెల్త్ ప్యాకేజీ కొంటే ఐడీ వస్తదట. వేరే కంపెనీల లెక్క మనుషుల్ని ఎతుక్కునే పనే లేదు, టీమే నీ కింద వేసుకుంట పోతది, ముందు చేరినోళ్ళకు పై ప్లేస్ అంటున్నరు. ఆదివారం లోపల కట్టకపోతే ప్లేస్ పోతదట. నాయిన పంపిన కోచింగ్ పైసలు చేతుల ఉన్నయి. చేరాల్నా వద్దా?

జవాబు: వద్దు తమ్మీ. ఎందుకో కూడ చెప్త, లేకపోతే రేపు రాత్రి జూమ్‌ల కూసున్నంక మళ్ళ మనసు మారుతది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి అది నెట్‌వర్క్ మార్కెటింగ్‌ల బైనరీ ప్లాన్ లెక్కుంది, అంటే నీ కింద రెండే లెగ్గులు (వరుసలు), లెఫ్ట్ ఒకటి రైట్ ఒకటి. నీ అప్‌లైన్, అంటే నీ పైన ఉన్నోడు, తన కింద ఇద్దర్ని పెట్టుకున్నంక మూడోవాణ్ణి తెస్తే పక్కన పెట్టనీకి జాగ ఉండదు, కిందికి తోయాలె, గా పడుడునే స్పిల్‌ఓవర్ అంటరు, మీ టీమోళ్ళు "మేమే వేస్తం" అనేది దీన్నే. అబద్ధమేం కాదు, నిజంగనే మనుషులు పడుతరు. కానీ ఎటు పడుతరో చూడు. పైనోళ్ళు ఎప్పుడూ ఒకే వరుసల కిందికి నింపుకుంట పోతరు కాబట్టి నీకు ఒక్క లెగ్గే పెరుగుతది. కమిషనేమో రెండు లెగ్గులు మ్యాచ్ అయితేనే, తక్కువ ఉన్న లెగ్గు లెక్క మీదనే ఇస్తరు. లెఫ్ట్‌ల రెండు వందల మంది ఉండి రైట్‌ల ఎవ్వరు లేకపోతే నీకు వచ్చేది సున్నా. ఆ రైట్ లెగ్గు ఎవరు నింపాలె? నువ్వే. మీ బావను, మీ హాస్టల్ దోస్తును, మీ ఊర్ల మొన్ననే డిగ్రీ అయిపోయిన పిల్లగాణ్ణి తేవాలె. మనుషుల్ని ఎతుక్కునే పని లేదన్న మాట అక్కడ్నే ఒడిసిపోతది, కాకపోతే పైసలు కట్టినంక.

ఇంకోటి. కొత్తగ చేరిన ఆ ఒక్క మనిషిని చూపిచ్చే, పై నుంచి కిందిదాక ఆ లైన్ల ఉన్న అందరికి "చూసినవా, నీ కింద పడ్డడు" అని మెసేజ్ పెడుతరు. గ్రూప్‌ల రోజు కంగ్రాట్స్ కంగ్రాట్స్ అని మోగేది అందుకే. ఆదివారం గడువు కూడ గంతే, వచ్చే ఆదివారం ఇంకో గడువు ఉంటది.

లెక్క నువ్వే వేసుకో, గ్రూప్స్‌ల మ్యాథ్స్ చదువుతున్నవు కద. ఒక్కొక్కరి కింద ఇద్దరు అనుకుంటే పదో లెవల్‌కు 1,024 మంది, ఇరవయ్యో లెవల్‌కు 10,48,576 మంది కావాలె. 2011 జనాభా లెక్కల్ల వరంగల్ సిటీ మొత్తం కలిపినా అంతమంది లేరు. ఏ టైంల చూసినా ఆ చెట్టుల సగం మంది అడుగు లెవల్‌లనే ఉంటరు, వాళ్ళ కింద ఎవ్వరుండరు.

నీ దోస్తు ఇన్‌కమ్ స్క్రీన్‌షాట్ పెడితే నమ్మకు, ఫామ్ 26ఏఎస్, అంటే వాని పేరు మీద కట్టయిన పన్ను లెక్క, చూపియ్యమను. పెద్ద కమిషన్ వస్తే కంపెనీ టీడీఎస్ కట్ చేస్తది, అది అండ్ల కనవడుతది. అట్లనే పైసలు ఎవరి పేరు మీద కట్టమన్నరో చూడు. టీమ్ లీడర్ సొంత ఫోన్‌పేకు కొట్టమంటే కంపెనీ లెక్కలల్ల నువ్వు ఉన్నవో లేవో ఎవ్వనికి తెల్వది.

2023 మార్చిల సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ల మంటలొచ్చి ఆరుగురు పిల్లలు చనిపోయిన్రు, యాదికుందా? వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం దిక్కు పిల్లలు. ఉద్యోగం అని పోయి, ఇండ్లల్ల నుంచి పైసలు తెచ్చి కట్టి నెట్‌వర్క్ పనిల ఇరుక్కున్నరని అప్పుడు వాళ్ళ ఇంటోళ్ళు చెప్పిన్రు. మంటలకు మార్కెటింగ్ కారణమని నేను అంటలేను. మన దిక్కు పిల్లలనే ఎందుకు పట్టుకుంటరంటే ఉద్యోగం కోసం ఎదురు చూసేటోళ్ళు ఈడ ఎక్కువ, గంతే.

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. మా ఆడబిడ్డ చెప్తే ఒక నెట్‌వర్క్ కంపెనీల చేరిన, ఇరవై వేల సామాన్లు ఇంట్ల పడి ఉన్నయి, సంఘంల ఇద్దరు ముగ్గురికి అమ్మిన, మిగతావి ఎవ్వరు కొంటలేరు. పైసలు వాపస్ వస్తయా? ఆడబిడ్డతోని కయ్యం కావొద్దు.

జవాబు: చెల్లె, ముందుగాల సీల్ తియ్యని డబ్బాలు పక్కన పెట్టు, బిల్లులు ఎతుకు. 2021 డిసెంబర్‌ల కేంద్రం ఇసొంటి కంపెనీలకు డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ తెచ్చింది. కంపెనీ నీతోని రాతపూర్వకంగ అగ్రిమెంట్ చేసుకోవాలె, చేరినంక కొన్ని రోజులల్ల ఏ జరిమానా లేకుంట తప్పుకునే అవకాశం ఇయ్యాలె, ఫిర్యాదులు తీసుకునే ఆఫీసర్ ఉండాలె, నెల లోపల తేల్చాలె. ఆడబిడ్డకు గాదు, ఆ ఆఫీసర్‌కే మెయిల్ పెట్టు, ఫోన్‌ల మాట్లాడుడు వద్దు. ఉలుకు పలుకు లేకపోతే 1915కు కొట్టు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆన్‌లైన్‌ల మోసం చేసి పైసలు గుంజిన్రనిపిస్తే 1930. ఆడబిడ్డ కూడ నీ లెక్కనే ఇరుక్కున్నదేమో, ఇద్దరు కలిసి పెడితే ఇంకా మంచిది. సంఘం లోన్ పైసలు మాత్రం ఈ దందల పెట్టకు, కిస్తీ ఆగితే గ్రూప్ మొత్తానికి కష్టం.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. నెట్‌వర్క్ మార్కెటింగ్ అంతా మోసమేనా మేడం? నేను మూడేండ్ల నుంచి సామాన్లు అమ్ముతున్న, నన్ను కూడ దొంగ లెక్క చూస్తున్నరు.

జవాబు: అంతా అని నేను అనలే అన్నా. సామాను బయటోళ్ళు నిజంగ కొని వాడుకుంటున్నరా, మీ పైసలు ఆ అమ్మకం మీద వస్తున్నయా అన్నది చూసుకోర్రి. చేర్పిచ్చినందుకే వస్తున్నయంటే అది 1978 మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి పోతది, నడిపినోళ్ళకు మూడేండ్ల దాక జైలు ఉంది, మెంబర్‌గ చేరుడు కూడ ఆ చట్టం ఒప్పుకోదు. 2007ల మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఆమ్వే కంపెనీ కేసుల ఇదే చట్టాన్ని ముందుకు తెచ్చింది, అంటే పేరు పెద్దదా చిన్నదా అని కోర్టు చూడదు. మీరు వట్టిగ అమ్ముకుంటున్నరంటే భయమేం లేదు, ఇండ్లకు పోయినప్పుడు ముందే చెప్పి పోర్రి, ఐడీ కార్డు పెట్టుకోర్రి, రూల్స్‌ల అదీ ఉంది. ఇంకా అనుమానముంటే మీ పోయిన నెల ఇన్‌కమ్‌ల అమ్మకం ఎంత, జాయినింగ్‌లు ఎంత అని వేరువేరుగ రాసి పంపుర్రి, చూసి చెప్త.